నడక రాని పిల్లలు, వలస పోయే ఊళ్లు

ఉమ్మడి అనంతపురం జిల్లా పల్లెల్లో ఏడాదిన్నర దాటినా అడుగు వేయని బిడ్డను చూసి పెద్దవాళ్లు ముందుగా అనే మాట, ‘వాళ్ల నాయనకూ ఆలస్యంగానే వచ్చిందిలే నడక.’ రెండేళ్లు దాటితే దిష్టి, గాలి, పక్షిదోషం వరసగా వస్తాయి. మూడో ఏటో నాలుగో ఏటో ఎవరో ఒకరు పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మంటారు. ఇదంతా చదువులేనితనం అని తోసేయడం తేలికే. కానీ ఆ అవ్వలు మాట్లాడేది అనుభవంతోనే. వాళ్ల కాలంలో ఈ నేల మీద పిల్లల కాళ్లు పోవడానికి కారణాలు వేరుగా ఉండేవి, అవి కంటికి కనపడేవి.

పోలియోనే తీసుకోండి. అప్పటిదాకా పరుగులు పెట్టిన బిడ్డకు ఒకరోజు జ్వరం వస్తుంది, ఆరెంపీ దగ్గర సూది వేయిస్తారు, తెల్లారేసరికి కాలు వేలాడిపోతుంది. ‘సూది వేయించాకే కాలు పడిపోయింది’ అనే తల్లుల మాటలో నిజం లేకపోలేదు. పోలియో వైరస్ ఒంట్లో ఉన్నప్పుడు కండరానికి ఇచ్చే ఇంజెక్షన్ అదే అవయవం చచ్చుబడే ప్రమాదాన్ని పెంచుతుందని వైద్యులూ ఒప్పుకుంటారు. దేశంలో సహజ పోలియో వైరస్ ఆఖరి కేసు 2011 జనవరి 13న పశ్చిమబెంగాల్‌లో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేనిదిగా ప్రకటించింది.

రెండోది నీళ్లలోంచి వచ్చింది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి వైద్య సాహిత్యంలో నమోదు చేసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా పిల్లల కాళ్లు వంకర తిరగడం గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో రాశారు. అనంతలో బోర్లు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడ్ బెడద పెరిగింది. 1995లో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో ఏడు వందలకు పైగా పల్లెలకు నీళ్లిచ్చిందంటే దాహంతో పాటు ఈ ఫ్లోరైడూ కారణమే. తిండిలో సున్నం తక్కువైన పిల్లల్లో ఫ్లోరైడ్ కాళ్లను ఇంకా దారుణంగా వంచుతుంది. ఎండకు కొదవలేని జిల్లాలో రికెట్స్ లాంటి కాళ్లు ఎందుకు కనిపిస్తాయంటే సమాధానం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

పోలియో అయినా ఫ్లోరోసిస్ అయినా బిడ్డ మాటకు, తెలివికి, చేతి పనికి చాలావరకు అడ్డురావు. మన వికలాంగ సేవలన్నీ అలాంటి బిడ్డను కళ్లముందు పెట్టుకుని కట్టినవి. కాలిపరు, చంకకర్ర, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి, అవయవానికి ఇంత శాతం అని లెక్కగట్టే సర్టిఫికెట్టు, ఏడాదికోసారి జరిగే శిబిరం, అన్నీ అంతే. పోలియో పోయినా ఆ ఏర్పాట్లు మాత్రం పెద్దగా మారలేదు. ఇప్పుడు అదే వరుసలో అమ్మ చంకన కూర్చుని వస్తున్న బిడ్డకు కాళ్లు బాగానే ఉన్నాయి. ఇబ్బందల్లా కాళ్లను నడిపించాల్సిన మెదడులో ఉంది. అనంతలో నడక రాని పిల్లల సమస్యంతా ఈ పొసగకపోవడం చుట్టూనే తిరుగుతోందని నా అభిప్రాయం.

మెదడు ఎదుగుదలలో వచ్చే లోపాలు అరుదు కావు. 2018లో వెలువడిన ఒక పెద్ద సర్వే హైదరాబాద్‌తో కలిపి దేశంలో 5 చోట్ల రెండేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్ని పరీక్షించి, దాదాపు 8 మందిలో ఒకరికి ఏదో ఒక నాడీ వికాస లోపం ఉందని తేల్చింది. వినికిడి లోపం, మూర్ఛ, ఆటిజం, చదువులో ఇబ్బంది అన్నీ అందులో ఉన్నాయి. నడకను అన్నిటికంటే గట్టిగా దెబ్బకొట్టేది మాత్రం సెరిబ్రల్ పాల్సీ, అంటే మస్తిష్క పక్షవాతం. తల్లులు సీపీ అనే అంటారు. లోకమంతటా వెయ్యి కాన్పులకు రెండు మూడు చొప్పున కనిపిస్తుంది. కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొద్ది రోజులకో మెదడుకు తగిలిన గాయం అది. గాయం పెరగదు, కానీ బిడ్డ పెరుగుతున్నకొద్దీ దాని ఫలితాలు బయటపడుతూ పోతాయి. కండరాలు బిగుసుకుంటాయి, మడమ నేలకు ఆనదు, కాళ్లు కత్తెరలా ఒకదానిపై ఒకటి పడతాయి. కొందరిలో బిగువుకు బదులు ఆపుకోలేని కదలికలు ఉంటాయి. అలాంటి పిల్లల్లో కొంతమంది వెనక పుట్టిన వారంలో ముదిరిన పచ్చకామెర్లు ఉంటాయి.

ఈ జబ్బుకు కష్టమైన కాన్పే కారణమని 19వ శతాబ్దం నడుమ లండన్ వైద్యుడు విలియం లిటిల్ చెప్పాడు. 1897లో, తర్వాత మనస్తత్వశాస్త్రంలో పేరు మోసిన ఫ్రాయిడ్, ఆ మాటను తిరగేశాడు. కడుపులోనే దెబ్బతిన్న బిడ్డకు కాన్పు కష్టం కావచ్చు కదా అన్నాడు. ఆ వాదం ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. ఎందుకు చెబుతున్నానంటే, మన ఊళ్లలో సీపీ బిడ్డ పుడితే కాన్పు చేసిన నర్సునో, తొందరపడని కోడలినో తిట్టిపోయడం రివాజు. కొన్నిసార్లు తప్పు నిజంగా అక్కడే ఉంటుంది. చాలాసార్లు ఉండదు.

మిగతా నాడీ వికాస లోపాల్లో నడక కథ ఇంత గట్టిది కాదు. డౌన్ సిండ్రోమ్ పిల్లలు మెత్తటి కండరాల వల్ల రెండేళ్లకు అటూ ఇటూగా నడుస్తారు. నడుస్తారన్నదే ముఖ్యం. ఆటిజం ఉన్న కొందరు మునివేళ్ల మీద నడుస్తారు, అందులో చాలామందికి కాలి కండరంలో లోపమేమీ ఉండదు. రెట్ సిండ్రోమ్ మాత్రం క్రూరమైనది. అప్పటిదాకా బాగా ఎదిగిన ఆడపిల్ల ఏడాది, ఏడాదిన్నర దాటాక చేతులు నలుపుకుంటూ, వచ్చిన మాటనూ ఒక్కోసారి వచ్చిన నడకనూ పోగొట్టుకుంటుంది. దాని జన్యువు 1999లో దొరికింది. ఇక నడక వచ్చినా తడబడే, బొత్తాం పెట్టుకోలేని, బంతి పట్టుకోలేని పిల్లలు నూటికి ఐదారుగురు ఉంటారు. వాళ్లను మన బళ్లలో మొద్దు, సోంబేరి అంటారు. ఆ తిట్లు తప్ప వాళ్లకు దక్కేదేమీ లేదు.

రాయలసీమలో ఇంకో సంగతి దాటిపోకూడదు. మేనరికం. అక్క కూతుర్ని చేసుకోవడం ఇక్కడ తప్పు కాదు, ఆస్తీ ఆప్యాయతా నిలుస్తాయన్న నమ్మకం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్యవేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. మేనరికమంటే బిడ్డకు జబ్బు ఖాయమని కాదు. కానీ తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపం వస్తే తప్ప బయటపడని జబ్బులకు తోవ సులువవుతుంది. వెన్నుపాము కండర క్షీణత అలాంటిదే. బిడ్డ చురుగ్గా చూస్తుంది, నవ్వుతుంది, మాట్లాడుతుంది, కాళ్లు మాత్రం మెత్తగా ఉంటాయి. దాన్నీ సీపీ అనే చీటీ రాసిచ్చి పంపడం జరుగుతూనే ఉంది. 2016 తర్వాత ఆ జబ్బుకు మందులొచ్చాయి, వచ్చినప్పుడు ధరలు మాత్రం కోట్లలో పలికాయి. మగపిల్లల్లో వచ్చే డుషేన్ కండర క్షీణతకు మేనరికంతో సంబంధం లేదు. నాలుగైదేళ్లకు ఆ పిల్లాడు మెట్లు ఎక్కలేడు, నేల మీంచి తొడలపై చేతులు ఆనించి పాకుతూ లేస్తాడు. అంతవరకు బాగానే నడిచాడన్నదే అక్కడ ఆనవాలు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆపేది సెగావా జబ్బు. మాసాయా సెగావా అనే జపాన్ వైద్యుడు 1970లలో వర్ణించాడు. బిడ్డ పొద్దున బాగానే నడుస్తుంది, సాయంత్రానికి కాలు మెలి తిరిగిపోతుంది, నిద్రపోయి లేస్తే మళ్లీ నయం. బయటికి సీపీలానే ఉంటుంది. కానీ పార్కిన్సన్స్ వృద్ధులకు ఇచ్చే లెవోడోపా మాత్ర, అదీ తక్కువ మోతాదులో, ఇస్తే కొన్ని రోజుల్లోనే నడక మారిపోతుంది. మందు చవక. అరుదైన జబ్బే కావచ్చు. అయినా కాన్పులో కష్టం లేని, మెదడు స్కానింగ్‌లో ఏమీ కనిపించని, పూటకో తీరుగా నడిచే ప్రతి ‘సీపీ’ బిడ్డకూ ఈ మాత్ర ఒకసారి వేసి చూడాలని పిల్లల నరాల వైద్యులు పదేపదే చెబుతారు. ‘పొద్దున ఎలా ఉంటుంది, రాత్రి ఎలా ఉంటుంది’ అని తల్లిని అడగడానికి యంత్రం అక్కర్లేదు.

ఇక కాలం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా 5 దేశాల ఆరోగ్యవంతమైన పిల్లల్ని చూసి 2006లో చెప్పిన లెక్క ప్రకారం, ఆసరా లేని నడక సుమారు 8 నెలల నుంచి పదిహేడున్నర నెలల మధ్య వస్తుంది. అంటే ఏడాదికి నడవకపోతే భయపడాల్సింది లేదు, 18 నెలలు దాటితే ఆగాల్సిందీ లేదు. అంతకుముందే కనపడే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఏడాదిలోపే ఒక్క చేత్తోనే అన్నీ అందుకోవడం, నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం, గుడ్డ మార్చేటప్పుడు తొడలు విడిపోకపోవడం. తలకు పోసేటప్పుడు అవ్వల చేతికి ఇవి తెలుస్తాయి. వాటిని జబ్బు గుర్తులుగా తీసుకోవచ్చని చెప్పేవాళ్లు ఉండాలి, అంతే.

ఈ తొందర ఎందుకో కెనడా అధ్యయనం ఒకటి చెబుతుంది. సీపీ పిల్లల్ని కదలికను బట్టి ఐదు స్థాయిలుగా విడదీసే పద్ధతిని అక్కడి పరిశోధకులు 1997లో తయారుచేశారు. ఒకటో స్థాయి బిడ్డ పరుగెత్తగలదు, ఐదో స్థాయి బిడ్డకు తల నిలపడమే కష్టం. తర్వాత 657 మంది పిల్లల్ని ఏళ్లపాటు గమనించి 2002లో గీసిన రేఖలు, ఏ స్థాయి బిడ్డయినా తన కదలిక సామర్థ్యంలో నూటికి 90 వంతులు ఐదేళ్లలోపే అందుకుంటుందని చూపించాయి. జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లల్లో అది మూడేళ్లలోపే. ఇప్పుడు దీని పక్కన బంగ్లాదేశ్‌ను పెట్టండి. 2015లో అక్కడి పల్లె ప్రాంతంలో మొదలైన సీపీ నమోదులో, జబ్బు పేరు తెలిసేసరికి పిల్లల సగటు వయసు ఐదేళ్లు. మంచి ఆస్పత్రుల్లో ఆరు నెలల్లోపే గుర్తించగలుగుతున్న జబ్బు ఇది. అనంత పల్లె బంగ్లాదేశ్ పల్లెకే దగ్గర, కెనడాకు కాదు.

ఆ ఖాళీ ఏళ్లలో ఏం జరుగుతుందో చెప్పడానికి పొరుగున ఉన్న కర్ణాటక చాలు. 2019 డిసెంబర్ 26 సూర్యగ్రహణం నాడు కలబుర్గి దగ్గర వైకల్యం ఉన్న పిల్లల్ని మెడ వరకు మట్టిలో పూడ్చి నిలబెట్టారు. కాళ్లు వస్తాయని. పత్రికలన్నీ మూఢనమ్మకం అని రాశాయి, అవుననుకోండి. కానీ చేతిలో వేరే దారి లేని తల్లి గ్రహణం కోసం ఎదురుచూడటం కంటే, మూలకణాల ఇంజెక్షన్‌తో నడిపిస్తామని లక్షలు గుంజే పట్నం క్లినిక్ నాకు పెద్ద మోసంగా కనిపిస్తుంది. సీపీకి మూలకణ చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం అనుమతించిన కొద్ది రక్త సంబంధ జబ్బులకు తప్ప, పరీక్షల బయట దాన్ని అమ్మకూడదు.

పనికొచ్చేదేమిటన్నదానిపై సాక్ష్యం ఇప్పుడు బాగానే పోగైంది. ఆస్ట్రేలియా పరిశోధకురాలు అయోనా నోవాక్ బృందం 2013లోనూ 2020లోనూ సీపీ చికిత్సలన్నిటినీ జల్లెడ పట్టి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసింది. బిడ్డ తానే కదులుతూ, తనకు కావలసిన పనిని పదేపదే చేసే సాధన ఆకుపచ్చలో ఉంది. నీళ్లకుండ దాకా పోవడం, అరుగు ఎక్కడం లాంటివన్నమాట. ఇంటి దగ్గర తల్లిదండ్రులు చేయించే కార్యక్రమం, బిగిసిన కండరానికి బోటులినమ్ ఇంజెక్షన్, వరుస పిండికట్లు కూడా అక్కడే ఉన్నాయి. బిడ్డ పడుకుని ఉండగా ఎవరో కాళ్లు వంచి సాగదీసే పాత పద్ధతి ఆ వరుసలో లేదు. అధిక పీడన ఆక్సిజన్ ఎరుపులో పడింది. నూనె మర్దన బిడ్డకు హాయినిస్తుంది, నడక నేర్పదు.

వీటితో పాటు తుంటి ఎక్స్‌రే గురించీ కొంచెం చెప్పాలి. నడవలేని సీపీ బిడ్డకు కండరాల లాగుడు వల్ల తుంటి కీలు మెల్లగా జారిపోతుంది, నొప్పి తెలిసేసరికి చేయి దాటిపోతుంది. దక్షిణ స్వీడన్‌లో 1994 నుంచి ప్రతి సీపీ బిడ్డకూ క్రమం తప్పకుండా తుంటి ఎక్స్‌రే తీస్తూ, జారడం మొదలవగానే చికిత్స చేస్తూ, కీలు తప్పిపోవడాన్ని దాదాపు మాయం చేశారు. ఎక్స్‌రే యంత్రం హిందూపురంలో ఉంది, గుంతకల్లులో ఉంది, కదిరిలో ఉంది. తీయించమని రాసే అలవాటే రావాలి.

పడమటి దేశాల్లో పనిచేసిందల్లా ఇక్కడా పనిచేస్తుందనుకుంటే పొరపాటు. పుట్టగానే ఊపిరాడని బిడ్డను మూడు రోజులు చల్లబరిస్తే మెదడు గాయం తగ్గుతుందని అక్కడ రుజువైంది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆస్పత్రుల్లో 408 మంది శిశువులపై జరిపిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. ఇక్కడ చల్లబరచడం వైకల్యాన్ని తగ్గించలేదు, పైగా మరణాలు పెరిగాయి. మన శిశువుల గాయం కాన్పుకు ముందే, తల్లి రక్తహీనత, ఇన్ఫెక్షన్ల కాలంలోనే మొదలవుతోందేమోనన్న అనుమానం అక్కణ్నుంచి బలపడింది. ఫ్రాయిడ్ మాట ఇక్కడ గుర్తుకొస్తుంది.

అనంతలో ఏముంది మరి? విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, అందరి నోటా ఆర్డీటీ, వికలాంగుల కోసం ఊళ్లలో సంఘాలు కట్టింది, ప్రత్యేక పాఠశాలలు నడిపింది, కాలిపర్లు చేయించింది. దాని బత్తలపల్లి ఆస్పత్రికి ఇప్పుడు రెండుగా విడిపోయిన ఉమ్మడి జిల్లా పల్లెలన్నీ వస్తాయి. ప్రభుత్వం వైపు, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి, ఒకసారి బడికి వచ్చి పిల్లల్ని చూడాలి. భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు, వారానికో రోజు ఫిజియోథెరపిస్టు. కాన్పూర్ అలిమ్‌కో సంస్థ చేసే సీపీ కుర్చీలు, రోలేటర్లు శిబిరాల్లో ఉచితం. సికింద్రాబాద్‌లో 1984 నుంచి మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఒకటుంది, కానీ మడకశిర తల్లికి అది వేరే దేశమే. ఆరోగ్యశ్రీ 2007లో తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. అయితే అది ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ అల్లిన పథకం. సీపీ బిడ్డకు కావలసింది పదేళ్లపాటు రోజూ అరగంట.

ఆ రోజూ అరగంటే ఇక్కడ కరువు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటిది, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. వేరుశనగ పీకి అప్పు లెక్క చూసుకున్నాక అమ్మానాయనా బెంగళూరు కట్టడాల పనికి పోతారు. బిడ్డను వెంట తీసుకుపోతే ఫిజియోథెరపీ తెగిపోతుంది, అవ్వ దగ్గర వదిలితే ఎత్తుకుని దించే బలం అవ్వకు ఉండదు. మడమకు వేసే ప్లాస్టిక్ బద్ద ఏడాది తిరక్కుండానే ఇరుకవుతుంది, మే నెల ఎండలో చెమటకు ఒరుసుకుని పుండు పడుతుంది, పక్కన పెట్టేస్తారు. తర్వాతి శిబిరానికి మడమ మళ్లీ పైకి లేస్తుంది. ఆ శిబిరంలో ఇచ్చే మూడు చక్రాల బండి చేతులు బాగున్నవాళ్ల కోసం చేసింది, చేతులూ బిగుసుకున్న బిడ్డకు అది ఇంటి ముందు కోళ్ల గూడు. దానికంటే నడక నేర్చే పిల్లలకు వడ్రంగి చేసే చెక్క బండి మేలు. డేవిడ్ వెర్నర్ 1987లో పల్లెల వికలాంగ పిల్లల కోసం రాసిన పుస్తకం నిండా ఇలాంటివే ఉన్నాయి. మెక్సికో పల్లెలో కట్టెతో, తాడుతో, పాత టైరుతో చేసిన ఊతాలు, ఊచలు, కుర్చీలు. పెరట్లో రెండు వెదురు బొంగులు బిడ్డ నడుము ఎత్తున కట్టడానికి శిబిరం కోసం చూడక్కర్లేదు.

నడకే గురి కావాలా అన్నది ఇంకో ప్రశ్న. రెండేళ్లకు తానుగా కూర్చోగలిగిన సీపీ బిడ్డకు నడిచే ఆశ ఎక్కువ, నాలుగేళ్లకూ కూర్చోలేకపోతే ఆసరా లేకుండా నడవడం అరుదు. ఇది తల్లికి చెప్పాలి. చెప్పకపోవడాన్ని దయ అనుకుంటున్నాం, ఆ దయే ఆమెను క్లినిక్ నుంచి క్లినిక్‌కు తిప్పుతుంది. ఎనిమిదేళ్లకు రోలేటర్‌తో నడిచిన పిల్ల పద్నాలుగేళ్లకు బరువు పెరిగి, అలసట ఓర్చుకోలేక చక్రాల కుర్చీ అడగవచ్చు. బడి రెండు కిలోమీటర్లయితే, దారి గులకరాళ్లదైతే, కుర్చీ అడగడంలో తప్పేముంది? నడిచి బడికి చేరి పాఠం వినే ఓపిక లేకపోవడం కంటే కూర్చుని పోయి వినడం నయం.

పింఛను లెక్కలోనూ మెలిక ఉంది. రాష్ట్రంలో 2024 నుంచి దివ్యాంగులకు నెలకు 6,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలు. శాతం 40కి తగ్గితే ఏమీ లేదు. సాధనతో బిడ్డ మెరుగుపడితే ఇంటికి వచ్చే డబ్బు తగ్గే ప్రమాదం ఉందన్నమాట. 2025లో సర్టిఫికెట్లను తిరిగి పరిశీలించినప్పుడు రాష్ట్రమంతటా రేగిన ఆందోళన వెనక ఈ భయమూ ఉంది. ఎదిగే బిడ్డ శాతాన్ని పెద్దవాళ్ల కాలి శాతంలా కొలవడం ఆపి, పద్దెనిమిదేళ్ల దాకా పింఛనును నడకతో ముడిపెట్టకుండా ఉంచడం పెద్ద ఖర్చు కాదు.

వలసను ఆపడం ఆరోగ్య శాఖ చేతిలో లేదు, తేదీలు మార్చడం మాత్రం దాని చేతిలోదే. జూన్, జూలైలో విత్తనం వేయడానికి కుటుంబాలు ఊళ్లోనే ఉంటాయి, కోత అయ్యేదాకా ఉంటాయి. అంగన్‌వాడీ పరీక్షలు రెండూ ఆ అయిదారు నెలల్లో పడాలి. మడమ బద్ద కొలతలు విత్తనం నాడు తీసుకుంటే కోతకు ముందే చేతికి అందుతుంది. బెంగళూరులో ఏ ఫిజియోథెరపిస్టు చూసినా అర్థమయ్యేలా బిడ్డ స్థాయి, తుంటి ఎక్స్‌రే తేదీ, ఇంట్లో చేయించాల్సిన మూడు పనులు ఒక చీటీ మీద తెలుగులోనూ కన్నడంలోనూ రాసి తల్లి చేతికివ్వాలి. బస్సెక్కేటప్పుడు రేషన్ కార్డుతో పాటు అదీ సంచిలో పడుతుంది.